ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ కొలువు

లింగాల, పార్నపల్లె వైపు నుంచి కడపకు వచ్చేవాళ్లకు అక్కడ పనులు బోలెడు. ఆసుపత్రి పని, భూమి కాగితాల పని, పిల్లల కాలేజీ సీటు పని. పులివెందుల మీదుగా వేంపల్లె దాటి కడపలో బస్సు దిగేసరికి పొద్దెక్కుతుంది. పని ముగిసేసరికి మళ్లీ బస్సు వేళ అవుతుంది. ఆ తొందరలో ఎర్రముక్కపల్లెలోని ఒక గ్రంథాలయం వైపు తొంగిచూసే తీరిక చాలామందికి దొరకదు. ఇప్పుడది సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. రెండు వందల ఏళ్ల కిందట అదే చోట ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఒకడు కొనుక్కున్న బంగళా, తోట ఉండేవి. పాడైపోతున్న తెలుగు తాళపత్రాలను ఊరూరి నుంచీ తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి, శుద్ధమైన ప్రతులు రాయించే పని పెద్ద ఎత్తున సాగింది అక్కడే.

కవి పేరిట, పండితుడి పేరిట మ్యూజియం అనగానే మన కళ్లకు కట్టే బొమ్మ ఒకటుంది. ఆయన పుట్టిన ఇల్లు, కూర్చున్న కుర్చీ, పెట్టుకున్న కళ్లజోడు, గోడల నిండా ఫొటోలు. ఇలాంటి మ్యూజియాల్లో ప్రపంచమంతా చెప్పుకోదగ్గది ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఉన్న తరాస్ షెవ్‌చెంకో జాతీయ మ్యూజియం. షెవ్‌చెంకో కవీ, చిత్రకారుడూ. ఉక్రెయిన్ భాషకు ఆయన ఎవరో చెప్పాలంటే, మనకు వేమన, గురజాడ ఒకే మనిషిలో పుట్టారనుకుంటే కొంత అందుతుంది.

ఆయన పుట్టింది 1814లో, భూస్వామి ఆస్తిలో మనుషులను కూడా లెక్కగట్టే కాలంలో, అలాంటి వెట్టి కుటుంబంలో. చిన్నతనంలోనే అమ్మానాన్నలు పోయారు. దొర వెంట సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరి, అక్కడ రంగులు వేసే మేస్త్రీ దగ్గర పనికి కుదిరాడు. ఆ కుర్రవాడి చేతివాటం చూసిన కళాకారులు, రచయితలు అతన్ని ఎలాగైనా విడిపించాలని పూనుకున్నారు. బ్రూలోవ్ అనే ప్రసిద్ధ చిత్రకారుడు జుకోవ్‌స్కీ అనే కవి బొమ్మ వేశాడు. ఆ బొమ్మను లాటరీ పెట్టి, 2,500 రూబుళ్లు పోగు చేసి, భూస్వామికి చెల్లించి 1838లో విడుదల పత్రం రాయించుకున్నారు. రెండేళ్లకే షెవ్‌చెంకో తొలి కవితా సంపుటి 'కోబ్జార్' వెలువడింది. 1847లో జార్ ప్రభుత్వం అరెస్టు చేసి మామూలు సిపాయిగా దూరపు సరిహద్దు కోటలకు పంపింది. రాయకూడదు, బొమ్మలు గీయకూడదు అని జార్ నికొలాస్ తన చేత్తోనే ఆ ఆజ్ఞకు జోడించాడు. షెవ్‌చెంకో బూటు లోపల పట్టేంత చిన్న నోటు పుస్తకాలు కుట్టుకుని, వాటిలో సన్నటి అక్షరాలతో రాసుకున్నాడు. ఆ శిక్ష పదేళ్లు నడిచింది. 1861లో ఆయన కన్నుమూసిన వారానికి, వెట్టి రద్దయిందన్న ప్రకటన జనానికి వినిపించారు.

కీవ్ మ్యూజియం 1949లో తెరిచారు. ఒకప్పటి చక్కెర వ్యాపారి తెరెష్‌చెంకో భవనం అది. షెవ్‌చెంకో స్వయంగా వేసిన చిత్రాలు, రాగి రేకులమీద చెక్కి అచ్చుతీసిన బొమ్మలు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అరెస్టుకు ముందు ఏడాది ఆయన అద్దెకున్న చిన్న ఇంటిని కూడా విడిగా మ్యూజియం చేశారు. అది 1928 నుంచీ ఉంది. దేశం విడిచి కెనడా వెళ్లిన ఉక్రెయిన్ వలసజనం, ఆ కవి ఎన్నడూ కాలుపెట్టని నేల మీద 1952లో ఇంకో మ్యూజియం కట్టుకున్నారు. 1988లో అది మంటల్లో కాలిపోతే మిగిలినవి ఏరుకుని 1995లో టొరంటోలో మళ్లీ తెరిచారు. పాత చోట నిలబెట్టిన కంచు విగ్రహాన్ని 2006లో దొంగలు లోహం కోసం ఎత్తుకుపోయారు. చివరికి తల మాత్రం దొరికింది. ఇక 2022 అక్టోబరు 10న కీవ్ నడిబొడ్డున పడ్డ క్షిపణుల్లో ఒకటి షెవ్‌చెంకో పేరున్న పార్కులోనే, పిల్లల ఆటస్థలం పక్కన పేలింది. కవి జ్ఞాపకాన్ని కాపాడుకోవడం అక్కడ ఎంత కష్టమైన పనో ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

తెలుగునాట కూడా ఇలాంటి చోట్లు లేకపోలేదు. విజయనగరంలో గురజాడ ఇల్లు ఉంది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ఇల్లు ఉంది. అదే ఊళ్లో దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. 1897లో పుట్టి, ఇరవై ఎనిమిదో ఏడు నిండకుండానే మశూచి వాతపడ్డ ఆ చిత్రకారుడి బొమ్మలు అక్కడ చూడొచ్చు. షెవ్‌చెంకోలాగే కవిగా, చిత్రకారుడిగా రెండు చేతులా పనిచేసిన అడివి బాపిరాజు కూడా ఆ రాజమహేంద్రవరం బృందంలోవాడే.

కడప సంగతి వేరు. ఇక్కడ చూపించడానికి కుర్చీ లేదు, కళ్లజోడు లేదు. బంగళా కూడా లేదు. కాలక్రమంలో అది శిథిలమై పోయింది. కడపవాళ్లు ఆ నేలమీద గ్రంథాలయం కట్టారు. మిగతా మ్యూజియాలతో పోలిస్తే ఇది లోటులా కనిపిస్తుంది. ఆ బంగళాలో జరిగిన పని ఏమిటో తెలిస్తే మాత్రం ఇంతకన్నా తగిన స్మారకం మరొకటి ఉండదనిపిస్తుంది.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ మతబోధకుడు, బహుభాషావేత్త. తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండు వెళ్లింది. కుర్రవాడు కంపెనీ ఉద్యోగానికి చదువుకుని 1817లో మద్రాసులో ఓడ దిగాడు. ఉద్యోగంలో చేరబోయేవాళ్లు దేశభాషలు నేర్చుకోవాలన్నది అక్కడి నియమం. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు అక్షరాలు దిద్దాడు. 1820లో కడప కలెక్టరు హాన్‌బరీ దగ్గర సహాయకుడిగా వచ్చాడు. అప్పటికి దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చి ఇరవై ఏళ్లు. రైతులతో వాళ్ల భాషలోనే మాట్లాడాలన్న, ఒకప్పటి ఇక్కడి కలెక్టరు థామస్ మన్రో పద్ధతి ఈ జిల్లాల్లో వేళ్లూనుకుని ఉంది. గండి దగ్గర పాపాఘ్ని మీద మన్రోకు బంగారు తోరణం కనిపించిందన్న కథను వేంపల్లె ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మన్రో మాటలే బ్రౌన్‌కు తెలుగు మీద మనసు కుదిరేలా చేశాయి.

కడపలో రెండేళ్లు పనిచేసి మచిలీపట్నం వెళ్లాడు. అక్కడ ఉండగా డ్యుబ్వా అనే ఫ్రెంచి మతబోధకుడి పుస్తకంలో వేమన ప్రస్తావన కంటబడింది. ఆ పద్యాలు వెతకడం మొదలుపెట్టాడు. రాతప్రతులు తెప్పించాడు, పల్లెల్లో పాడుకునేవి రాయించాడు. ఒక ప్రతిలో ఉన్న పద్యం ఇంకో దానిలో ఉండదు. ఉన్నా పాఠం వేరు. చెల్లాచెదురుగా ఉన్న ఆ పద్యాల్లోంచి 693 ఎంచి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చువేయించాడు. పదేళ్ల తర్వాత తెచ్చిన కూర్పులో 1,164 పద్యాలున్నాయి. ఊరి రచ్చబండల మీద, బైరాగుల నోళ్లలో తిరిగే పద్యాలకు పుస్తకంగా గౌరవం దక్కడంలో ఈ రెండు కూర్పుల పాత్ర చాలా పెద్దది. పండితులు అప్పటికి వేమనను కవిగా లెక్కలోకి తీసుకోవడం తక్కువ.

1826లో మళ్లీ కడప వచ్చినప్పుడు బ్రౌన్ బంగళా కొన్నాడు. అసలు కథ అక్కడినుంచే. తోటలో పండితులకు, రాయసగాళ్లకు వసతి ఏర్పాటు చేశాడు. జనం దాన్ని 'బ్రౌన్ కాలేజీ' అన్నారు. పిల్లలకు పాఠాలు చెప్పే కాలేజీ కాదది, పుస్తకాలకు వైద్యం చేసే చోటు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ వ్యవహారమంతా చూసుకునేవాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి పండితులు బ్రౌన్ కొలువులో పనిచేశారు. జీతాలు కంపెనీ ఖజానా నుంచి రాలేదు. బ్రౌన్ సొంత జీతంలోంచి ఇచ్చాడు, చాలకపోతే అప్పులు చేశాడు. కడపలోనూ మచిలీపట్నంలోనూ అతను నడిపిన ఉచిత బడులకు కూడా ఇదే దారి.

ఆ పని ఎంత కష్టమో తెలియాలంటే తాళపత్ర గ్రంథాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి. రెండు చెక్క పలకల మధ్య ఆకుల కట్ట ఉంటుంది. ఆకులకు రంధ్రం చేసి తాడు దూర్చి ఉంటుంది. అక్షరాలు గంటంతో ఆకు మీద గీసినవి. గీత మీద మసి పూసి తుడిస్తేగాని కంటికి ఆనవు. పద్యం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో పాదాలుగా విడదీసి ఉండదు. మాటకు మాటకు మధ్య ఖాళీ ఉండదు. ఎత్వానికీ ఏత్వానికీ తేడా చాలా ప్రతుల్లో కనిపించదు. ఆకు అంచు పురుగు కొట్టేస్తే ఆ పక్క అక్షరాలు గల్లంతే. రాయసగాడు ఒకచోట తప్పు చదివితే, అతని ప్రతి చూసి రాసుకున్న ప్రతివాడూ ఆ తప్పు మోసుకుపోతాడు. తనకు తోచిన పద్యం ఒకటి మధ్యలో చేర్చేవాళ్లూ ఉన్నారు.

అందుకని బ్రౌన్ ఒక్క ప్రతితో తృప్తిపడలేదు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించాడు. కొన్ని కొన్నాడు, కొన్ని అడిగి తెచ్చి నకలు రాయించి తిప్పి పంపాడు. ఒక ప్రతిని కాగితం మీదికి ఎక్కించి, మిగతా ప్రతులు పక్కన పెట్టుకుని ఒక్కొక్క పద్యమే చదువుతూ పోతారు. పాఠం తేడా వచ్చిన చోట ఆగుతారు. ఛందస్సు ఏది ఒప్పుకుంటుంది, అర్థం ఏది కుదురుతుంది, ఎక్కువ ప్రతుల్లో ఏముంది అని పండితులు వాదించుకుంటారు. తేలాక రాసుకుంటారు. ఆ తర్వాత టీక, ఆ తర్వాత పదసూచి. జూలూరి అప్పయ్య టీకతో వసుచరిత్ర 1844లో అచ్చయింది. మనుచరిత్ర 1851లో వచ్చింది. ఇవాళ విశ్వవిద్యాలయాల్లో పాఠపరిష్కరణ అని పేరుపెట్టి నేర్పే విద్య ఇదే.

ఈ పరిశ్రమలోంచే నిఘంటువు పుట్టింది. 1852లో వెలువడిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో ఒక మాట తీసి చూడండి. ముందు తెలుగు మాట, పక్కన అది నామమా క్రియా అన్న గుర్తు, తర్వాత అర్థం. అంతటితో వదలడు. ఆ మాటను ఏ కవి వాడాడో కావ్యం పేరు పొడి అక్షరాల్లో ఇచ్చి, ప్రయోగం చూపిస్తాడు. వేమన పద్యంలోని మాటకూ ప్రబంధంలోని మాటకూ ఒకే పీట. జనం నోట్లో నలిగే మాటలకు, జాతీయాలకు కూడా చోటిచ్చాడు. షికాగో విశ్వవిద్యాలయం ఇంటర్నెట్‌లో ఉంచిన దక్షిణాసియా నిఘంటువుల్లో ఇది ఒకటి. అమెరికాలో ఉన్న తెలుగు పిల్లవాడు ఇవాళ ఫోన్‌లో మాటకు అర్థం వెతికితే, వెతుకుతున్నది చాలాసార్లు బ్రౌన్ కొలువు పండితుల కష్టంలోనే.

బ్రౌన్ జీవితంలో ఎదురుదెబ్బలూ ఉన్నాయి. 1834లో ఉద్యోగం పోయి లండన్ వెళ్లాల్సి వచ్చింది. అక్కడా ఊరుకోలేదు. కంపెనీ గ్రంథాలయంలో ఎవరూ ముట్టకుండా పడి ఉన్న దక్షిణాది భాషల రాతప్రతులను బయటికి తీయించి, మద్రాసుకు తిప్పి పంపించడానికి కారకుడయ్యాడు. మళ్లీ ఉద్యోగం దొరికి మద్రాసు వచ్చాక తాను కూడబెట్టిన రెండు వేలకు పైగా రాతప్రతులను మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు. ఇప్పుడవి చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం సంపదలో భాగం. 1855లో ఇండియా విడిచివెళ్లి, లండన్‌లో తెలుగు ఆచార్యుడిగా ఉండి, 1884 డిసెంబరు 12న పోయాడు.

ఆ తర్వాత కడప అతన్ని దాదాపు నూరేళ్లు మరిచిపోయింది. నిఘంటువు మీద పేరు కనిపిస్తున్నా, ఆ మనిషి మన ఊళ్లో ఉండేవాడన్న ఎరుక పోయింది. 1970ల్లో నెల్లూరుకు చెందిన పరిశోధకుడు బంగోరె, అంటే బండి గోపాలరెడ్డి, బ్రౌన్ లేఖలను, స్వీయచరిత్రను వెతికి వెలికితీసి అచ్చువేశాక లోకం మళ్లీ అటు తిరిగింది. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద వరుసగా నిలబెట్టిన తెలుగు ప్రముఖుల విగ్రహాల్లో బ్రౌన్‌కూ చోటు దక్కింది.

కడపలో బ్రౌన్ జ్ఞాపకాన్ని నిలిపే బాధ్యత తలకెత్తుకున్నవారు జానమద్ది హనుమచ్ఛాస్త్రి. 1926లో అనంతపురం జిల్లా రాయదుర్గంలో పుట్టారు. ఇంగ్లీషు అధ్యాపకులు. కడప జిల్లా రచయితల సంఘాన్ని నడిపినవారు. శిథిలమైన బంగళా స్థలం కనిపెట్టి, అక్కడ బ్రౌన్ పేరు నిలబడాలని పట్టుబట్టారు. 1986లో ట్రస్టు ఏర్పడింది, మరుసటి ఏడాది శంకుస్థాపన జరిగింది. తర్వాత అసలు పరీక్ష మొదలైంది. పెద్ద సంస్థేదీ వెనక లేదు. ఆయన చేతిసంచీ పట్టుకుని గడప గడపా ఎక్కారు. ఇచ్చినవాళ్ల దగ్గర డబ్బు, పుస్తకాలున్నవాళ్ల దగ్గర పుస్తకాలు తీసుకున్నారు. 1995లో గ్రంథాలయం తెరుచుకుంది. జనం ఆయన్ను 'బ్రౌన్ శాస్త్రి' అనే పిలిచారు. యోగి వేమన విశ్వవిద్యాలయం వచ్చాక కేంద్రం దాని నీడకు చేరింది. వేమనను అచ్చుకెక్కించినవాడి స్థలం వేమన పేరున్న విశ్వవిద్యాలయం చేతికి రావడం కడపవాళ్లు గర్వంగా చెప్పుకోవలసిన విషయం. శాస్త్రిగారు 2014లో కాలం చేశారు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. బ్రౌన్‌ను పొగిడే ఉత్సాహంలో మనం ఆయన పక్కన కూర్చున్నవాళ్లను మరిచిపోతున్నాం. జయంతి సభల్లో దండ బ్రౌన్ పటానికే పడుతుంది. అప్పయ్య పేరు, అద్వైతబ్రహ్మయ్య పేరు వేదిక మీద వినిపించడం అరుదు. రాయసగాళ్ల పేర్లు అయితే పుస్తకాల అడుగుభాగాల్లోనే ఉండిపోయాయి. బ్రౌన్ కంపెనీ ఉద్యోగి, పన్నులు వసూలు చేసిన ప్రభుత్వానికి చెందినవాడు. తన డబ్బు పెట్టి, ముప్పై ఏళ్లు విసుగులేకుండా ఈ పనికి అంటిపెట్టుకున్నాడు గనుక ఎంత గౌరవం ఇచ్చినా చెల్లుతుంది. ఆ గౌరవంలో పండితులకు సగం వాటా ఇవ్వాలి. తెలుగు ఛందస్సు, సంధులు, శ్లేషలు విడదీసి చెప్పింది వాళ్లు. కేంద్రం ప్రవేశద్వారం దగ్గర వాళ్ల పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో చెక్కించాలి.

ఇంకొకటి. గండికోట చూపించడానికి జమ్మలమడుగు వైపు, గుళ్లు చూపించడానికి ఒంటిమిట్ట వైపు బడిపిల్లలను బస్సుల్లో తీసుకెళ్తుంటారు. అదే బస్సు కడపలో ఒక గంట ఆగవచ్చు. పిల్లలకు ఊరికే పుస్తకాల బీరువాలు చూపిస్తే మొహం మొత్తుతుంది. ఒకే పద్యానికి నాలుగు పాఠాలు కాగితం మీద రాసిచ్చి, ఏది సరైనదో తేల్చమని బల్ల చుట్టూ కూర్చోబెడితే చాలు. అరగంటలో ఆ పాత తోటలో పండితులు ఎందుకు వాదించుకునేవారో వాళ్లకే తెలుస్తుంది. ప్రొద్దుటూరులో జీవితంలో ఎక్కువ కాలం గడిపిన పుట్టపర్తి నారాయణాచార్యుల వంటి పండితుడు పుట్టిన సీమ ఇది. ఇక్కడి పిల్లలకు ఆ రుచి తెలియకపోవడం అన్యాయం.

పెద్దవాళ్లయితే కేంద్రంలో అడిగి చూడవలసినవి కైఫీయత్తులు, అంటే ఊళ్ల స్థానిక చరిత్రలు. కల్నల్ కాలిన్ మెకంజీ 1800 తర్వాత దత్తమండలాల్లో సర్వే చేస్తూ, తన దగ్గర పనిచేసే కావలి సోదరుల వంటి తెలుగువాళ్ల సాయంతో ఊరూరి కరణాల నుంచి స్థానిక చరిత్రలు రాయించాడు. ఊరు ఎలా పుట్టింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడి మాన్యాలు ఎన్ని, ఏ పాలెగాడి కింద ఎన్నాళ్లుంది అన్న వివరాలుంటాయి. ఆ కాగితాలు చివికిపోతున్నాయని గమనించి మళ్లీ నకళ్లు రాయించినవాడు బ్రౌనే. ఆ కడప జిల్లా కైఫీయత్తులనే బ్రౌన్ కేంద్రం కట్టా నరసింహులు సంపాదకత్వంలో సంపుటాలుగా అచ్చువేసింది. లింగాల నుంచో పార్నపల్లె నుంచో వచ్చే పాఠకుడు ఒకటి గుర్తుంచుకోవాలి. ఊళ్ల జాబితా ఇప్పటి మండలాల ప్రకారం ఉండదు. అప్పటి సీమలు, తాలూకాల ప్రకారం ఉంటుంది. ఊరి పాత పేరు, దగ్గర్లోని కోట, వాగు, చెరువు, గుడి పేర్లు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక చీటీ మీద రాసుకుని వెళ్తే వెతకడం సులువవుతుంది.